శిక్ష తీరిన పిమ్మట

డుంబ్రిగుడ మండలమందలి ఏ గూడెములోనైనను ఒక బాలికపై అత్యాచారము జరిగి, నేరము రుజువై, నేరస్థుడు కారాగారమునకు పోయి, న్యాయస్థానము విధించిన కాలమంతయు అనుభవించి తిరిగి వచ్చునాటికి, ఆ బాలిక ఎక్కడికిని పోయియుండదు. అరకు నుండి పాడేరు పోవు దారికి ఇరుప్రక్కల, చాపరాయి గెడ్డకు ఎగువను దిగువను విడివిడిగా నిలిచిన ఆ గూడెములలో నీటికి పోవు బాటయు, కట్టెలకు పోవు కొండయు, సంతకు పోవు జీపును ఇరువురికిని ఒక్కటే. నగరమున నేరస్థుడు వేఱొక పేటకు పోయి బ్రదుకవచ్చును, బాధితురాలు వేఱొక బడిలో చేరవచ్చును; కొండలలో భూమి, బంధుత్వము, బ్రదుకు తెరువు అన్నియు ఆ నాలుగు గూడెములతోనే ముడివడియుండుట చేత ఇరువురిలో ఎవ్వరికిని పోవు చోటు లేదు. “ఆడు మళ్ళీ సెయ్యడని సెప్పగలరా, బాబూ?” అని ఆ బాలిక తల్లి పోలీసునో వైద్యునో అడిగినచో, ఆ ప్రశ్నకు నిజాయితీ గల సమాధానము చెప్పుట మన విధి.

చేసిన నేరమునకు శిక్ష విధించుట న్యాయశాస్త్రమునకు చిరపరిచితమైన పని. చేయబోవు నేరమును ఊహించి మనిషిని బంధించుట వేఱొక పని. దానికి రాజ్యము రెండు త్రోవలు కనిపెట్టినది. ఒకటి, ఇతని వలన భయమున్నదని అధికారి తృప్తిపడినచో చాలుననుట. మన ముందస్తు నిర్బంధ చట్టములు ఈ త్రోవలోనివి. రెండవది, ఇతడు మనోరోగి యని వైద్యుని చేత చెప్పించి, కారాగారపు తలుపు తెరచిన నాడే చికిత్సాలయపు తలుపు మూయుట. అమెరికాలో ఇరువది రాష్ట్రములును అక్కడి కేంద్ర ప్రభుత్వమును లైంగిక నేరస్థుల విషయమున ఈ త్రోవ త్రొక్కినవి. ఈ రెండవ త్రోవలో వైద్యుని నోట తఱచుగా వినవచ్చు రోగనామము సంఘవ్యతిరేక వ్యక్తిత్వ రుగ్మత. మన వైద్యులు దీనిని యాంటీసోషల్ పర్సనాలిటీ డిజార్డర్ అనియే వ్యవహరింతురు. నా అభిప్రాయము ముందుగనే చెప్పుదును: ఈ రోగనామము ఒక నిజమైన మనుష్యస్వభావమును వర్ణించునదే యైనను, దానిని మాత్రమే ఆధారముగా గొని శిక్ష తీరినవానిని బంధించుట అతని నేరచరిత్రను రెండవమారు లెక్కించుటయే యగును.

వాషింగ్టన్ రాష్ట్రము 1990లో ఇట్టి మొదటి శాసనము చేయగా, కాన్సాస్ రాష్ట్రము 1994లో దాని ననుసరించినది. లైంగిక హింసకు పాల్పడినవానికి మానసిక అసాధారణత గాని వ్యక్తిత్వ రుగ్మత గాని కలదనియు, దాని మూలమున అతడు మరల అట్టి నేరములు చేయుట సంభావ్యమనియు న్యాయస్థానమున రుజువైనచో, శిక్షాకాలము ముగిసిన పిదపకూడ అతనిని నిరవధికముగా ఉంచుకొనవచ్చునని ఆ శాసనముల సారాంశము. ఇది శిక్ష కాదు, పౌరనిర్బంధము మాత్రమే యని శాసనకర్తల వాదము. 1997 జూన్ నెలలో ఆ దేశపు సుప్రీంకోర్టు హెండ్రిక్స్ అనువాని వ్యాజ్యమున అయిదుగురు న్యాయమూర్తుల మొగ్గుతో, నలుగురు విభేదింపగా, ఈ వాదమును అంగీకరించినది. ఆ వ్యాజ్యములో రోగనిర్ధారణ తేలిక. పసిపిల్లలపై కామము అతనికి దశాబ్దముల వ్యాధి, మనస్సు కలత చెందినపుడు తన్ను తాను నిలుపుకొనలేనని అతడే ఒప్పుకొనినాడు.

చిక్కు తరువాత వచ్చినది. క్రేన్ అను వేఱొకని విషయమున వైద్యులు చెప్పిన రోగములు రెండు: పరులయెదుట నగ్నముగా నిలిచి తృప్తిపడు వికారమొకటి, సంఘవ్యతిరేక వ్యక్తిత్వము రెండవది. 2002 జనవరిలో తీర్పు చెప్పుచు సుప్రీంకోర్టు ఒక గీత గీయవలసివచ్చినది. ఇతడు తన ప్రవర్తనను అదుపులో ఉంచుకొనుటకు తీవ్రమైన కష్టము పడువాడై యుండవలెననియు, ఆ కష్టము అపాయకారియైనను సామాన్యుడేయైన పాతనేరస్థుని నుండి అతనిని వేరుచేసి చూపునంతటిది కావలెననియు న్యాయస్థానము నిర్దేశించినది. ఇంతకు పది సంవత్సరముల పూర్వమే, 1992లో, ఫౌచా అను లూసియానా వాసి విషయమున అదే న్యాయస్థానము, మాదకద్రవ్యముల వలన కలిగిన ఉన్మాదము తగ్గిన పిదప కేవలము సంఘవ్యతిరేక వ్యక్తిత్వము కలదను కారణమున అతనిని ఉన్మాదుల వైద్యశాలలో ఉంచరాదని చెప్పియుండెను. రెండు తీర్పులును ఒకే భయమును సూచించుచున్నవి: ఈ రోగనామము ఎంత విశాలమైనదనగా, దీనిని ద్వారముగా చేసినచో కారాగారములలో సగము ఆ ద్వారము గుండ దూరగలదు. ఇది అలంకారము కాదు. 2002లో ఫాజెల్, దానేష్ అను పరిశోధకులు పన్నెండు దేశములలో జరిగిన 62 సర్వేలను, సుమారు 23,000 మంది బందీల సమాచారమును కూర్చి చూడగా, పురుష బందీలలో నూటికి 47 మందికి ఈ రుగ్మతా లక్షణములు కానవచ్చినవి. కారాగారము వెలుపల జనసామాన్యములో ఇది నూటికి మూడింటికి మించుట అరుదు.

అంత విశాలమైన రోగము ఎట్లు పుట్టినది? 1835లో ప్రిచర్డ్ అను ఆంగ్ల వైద్యుడు బుద్ధి చెడకుండ నీతిబుద్ధి మాత్రమే చెడిన మనుష్యులు కలరని చెప్పి, దానికి నైతికోన్మాదమని పేరిడెను. 1941లో అమెరికను మనోవైద్యుడు హెర్వీ క్లెక్లీ పైకి సౌమ్యముగా, చతురముగా మాటలాడుచు లోపల పశ్చాత్తాపము గాని ప్రేమ గాని లేని వ్యక్తులను దీర్ఘముగా వర్ణించెను; ఆ వర్ణనలో నేరములకంటె హృదయశూన్యతకే ప్రాధాన్యము. అయితే హృదయశూన్యతను ఇద్దరు వైద్యులు ఒకే తీరుగా కొలుచుట కష్టము. 1966లో లీ రాబిన్స్ అను పరిశోధకురాలు సెయింట్ లూయిస్ నగరములోని ఒక బాలల చికిత్సాలయమునకు ముప్పది సంవత్సరముల క్రితము వచ్చిన 524 మంది పిల్లలు పెద్దవారై ఏమైరో వెదకి చూచెను. సంఘవ్యతిరేకులైన పెద్దలందఱును ఒకప్పుడు దుడుకు పిల్లలే; కాని దుడుకు పిల్లలలో ఎక్కువమంది సంఘవ్యతిరేకులు కాలేదు. ఆమె పరిశోధన ప్రభావమున, 1980లో వెలువడిన అమెరికను మనోవైద్య సంఘపు మూడవ నిదానగ్రంథము హృదయమును విడిచి ప్రవర్తనను పట్టుకొనెను. నేటి అయిదవ గ్రంథమునను అదే పద్ధతి. పదునెనిమిది సంవత్సరములు నిండియుండవలెను. పదునైదవ ఏటికి ముందే ప్రవర్తనాదోషము కనబడి యుండవలెను. పిదప ఏడు లక్షణములలో మూడు చాలును. చట్టవిరుద్ధ కార్యములు పలుమార్లు చేయుట, మోసము, ముందు వెనుకలు చూడని తొందరపాటు, కలహశీలము, తనకును పరులకును హాని యగునను లెక్కలేమి, బాధ్యతారాహిత్యము, పశ్చాత్తాపలేమి అనునవి ఆ ఏడు.

ఈ వరుసలో మొదటి లక్షణమే నేరము. రెండుమార్లు అత్యాచారము చేసినవాడు ఆ లక్షణమును నిండుగా కలిగియున్నాడు. ఆ క్రూరత్వమునకు తగిన పశ్చాత్తాపము చూపనిచో ఏడవదియు కలదు. ఇంకొకటి చేరుట ఎంతసేపు! ఇట్లు నేరము నుండి రోగము తేలినది. ఆ పిమ్మట “ఇతడేల నేరము చేసినాడు?” అని అడిగినచో “రోగము వలన” అనియు, “రోగమున్నదని ఎట్లు తెలిసినది?” అనినచో “నేరము వలన” అనియు సమాధానము వచ్చును. గుండెజబ్బునకు గుండెలోనే వేఱొక సాక్ష్యమున్నది. రక్తపరీక్ష కలదు, విద్యుల్లేఖనము కలదు. ఇక్కడ సాక్ష్యము కేసు కాగితములే, వ్యాధియు కేసు కాగితములే. రాబర్ట్ హేర్ అను కెనడా మనోవిజ్ఞానవేత్త ఇరువది అంశములతో, నలుబది మార్కులతో కూర్చిన కొలబద్ద క్లెక్లీ చెప్పిన హృదయశూన్యతను మరల లెక్కలోనికి తెచ్చినది నిజమే. ముప్పది దాటినవానిని సైకోపాత్ అనుట వాడుక. అది ఈ రుగ్మతకంటె ఇరుకైన వల. అయినను రెంటిని ఒకటిగా భావించి, వ్యక్తిత్వ రుగ్మతయని నోట చెప్పి సైకోపాత్ అను భయమును వినువారి మనస్సున నాటుట న్యాయస్థానములలో వింత కాదు.

ఇప్పుడు ఆ ఏడు లక్షణముల పట్టికను డుంబ్రిగుడకు తీసికొని వత్తము. ఒక యువకుని ఊహింపుడు. అతడు నిజముగా ఎవ్వడును కాడు, కాని ఆ కొండలలో అట్టి బ్రదుకులు అనేకము. వాని తాతతండ్రులు పోడు కొట్టిన కొండ విషయమున వానిపై అటవీశాఖ కేసులున్నవి. ఏ దళారియో పిలువగా కూలికి గంజాయి మూట మోసి పట్టుబడి మరి రెండు కేసులు తగిలినవి. గూడెములో పిలుచు పేరొకటి, ఆశ్రమపాఠశాలలో మాస్టారు వ్రాసినది ఇంకొకటి, ఆధార్‌లో పడినది మూడవది. మారుపేర్లు వాడుట మోసమునకు గుర్తు అని గ్రంథము చెప్పుచున్నది. కాఫీ పండ్లకోత అయినంతనే పని మాని, పిలుపు రాగానే పల్లమునకు వలసపోవును. సంతలో సాహుకారు వద్ద చేసిన అప్పు తీరలేదు. ఇది బాధ్యతారాహిత్యముగా కనబడును. జీలుగు కల్లు త్రాగిన జాతరలో కొట్లాట ఒకటి. విశాఖపట్టణమునుండి వచ్చిన వైద్యుడు తెలుగులో ప్రశ్నింపగా, ఇంట ఆదివాసీ ఒడియాయో, కువియో మాటలాడు ఈ యువకుడు తలవంచుకొని ఊరకుండును; పశ్చాత్తాపము లేదని కాగితమున పడును. ఏడింట అయిదు నిండినవి, వాని హృదయములో క్రూరత్వము పిసరంతయైనను ఉన్నదో లేదో ఇంకను ఎవ్వరును చూడలేదు.

బాల్యమును గూర్చి విచారింపవలసివచ్చినపుడు ఈ చిక్కు మరింత బిగియును. పదుమూడవ ఏటికి ముందు బడి ఎగగొట్టుట, ఇంటి నుండి పారిపోయి రాత్రులు వెలుపల గడపుట, ఆయుధము వాడుట అనునవి బాల్య ప్రవర్తనాదోషమునకు గుర్తులు. ఆశ్రమపాఠశాలలో చేర్చిన పిల్లవాడు వేసవి ముంగిట అమ్మను తలచుకొని అడవి దారిన గూడెము చేరుట పారిపోవుటయే, కాని అది ఇంటి నుండి కాదు, ఇంటికి. చైత్రములో వచ్చు ఇటుకల పండుగకు పసివారు సైతము పెద్దలవెంట విల్లంబులతో వేటకు పోవుదురు. అదే పండుగలో స్త్రీలు దారికి అడ్డముగా గేటు కట్టి బండ్లవారిని డబ్బు అడుగుదురు. ఈ ఆచారములు తెలియనివాడు పోలీసు రికార్డునుండి బాల్యమును పునర్నిర్మించినచో, పండుగంతయు దౌర్జన్యముగా తోచును. దారిద్ర్యములో బ్రదుకు నిలుపుకొనుటకు చేసిన పనులను రుగ్మతగా పొరపడవద్దని ఆ నిదానగ్రంథమే హెచ్చరించుచున్నది. ఆ హెచ్చరికను చదివిన వైద్యులు ఎందఱున్నారో గాని, దాని ననుసరించుటకు గూడెములో ఒక దినము గడపవలసియుండును.

ఇంతమాత్రమున కొండలలో ఈ రుగ్మత లేదని నేననుట లేదు. అట్టి వాడు ఉన్నచో గూడెమునకు బాగుగా తెలియును. గూడెపు పెద్దయైన నాయుడును, కబురు చెప్పు బారికయు, ముహూర్తములు చూచు దిసారియు, వాని మేనమామయు వేర్వేరుగా చెప్పు మాటలలో ఒకే స్వభావము కానవచ్చును: చిన్ననాడే బలహీనులను ఏడిపించినాడు, తల్లి దాచుకొనిన డబ్బు దొంగిలించి చెల్లెలిపై నెట్టినాడు, తనవారిని సైతము మోసగించినాడు, ఎవ్వరి కన్నీరును వానిని ఆపలేదు. పోడు కేసు ఉన్నవానికిని వీనికిని గల భేదము ఇక్కడ ఉన్నది. అన్ని చోట్లను, అందఱియెడలను, చిన్ననాటి నుండి ఒకే తీరుగా సాగిన క్రౌర్యము రుగ్మతకు గుర్తు. ఒక పరిస్థితిలో, ఒక అధికారితో, ఒక కఱవులో జరిగిన ఉల్లంఘనలు గుర్తు కావు. మరియు లైంగిక నేరములన్నియు ఈ స్వభావము నుండి పుట్టవు. పదునెనిమిది నిండని పిల్ల, పందొమ్మిదేండ్ల పిల్లవాడు ఇష్టపడి లేచిపోయి గూడెములో కాపురము పెట్టినపుడు, 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము అతడు లైంగిక నేరస్థుడే. పసిబిడ్డను చెఱచినవానితో అతనిని ఒకే రోగనామము క్రింద చేర్చుట శాస్త్రము కాదు.

రోగనిర్ధారణ సరిగా చేసినను భవిష్యత్తును చెప్పుట మిగిలియున్నది. సంఘవ్యతిరేక స్వభావము నిష్ప్రయోజనమైన గుర్తు కాదు. హాన్సన్ మొదలగువారు సంకలనము చేసిన పరిశోధనలలో, వికృత కామము తరువాత పునర్నేరమును సూచించు బలమైన కారణములలో అదియొకటి. కాని అదే సంకలనము, 1998 నాటిది, ఇరువదిమూడు వేల పైచిలుకు నేరస్థులను నాలుగైదేండ్లు గమనించి, మరల లైంగిక నేరము చేసినట్లు తేలినవారు నూటికి సుమారు 13 మంది మాత్రమే యని చెప్పుచున్నది. బయటపడని నేరములు మరికొన్ని యుండును; ఐనను మూలసంఖ్య చిన్నదైనపుడు ఏమగునో లెక్కించి చూడుడు. సులువునకై వేయిమందిలో నూరుగురు మరల నేరము చేయుదురనుకొందము. మన పరీక్ష ఆ నూరుగురిలో ఎనుబదిమందిని పట్టునంత నిశితమైనదనియు, చేయబోని తొమ్మిదివందలమందిలో నాల్గవవంతును మాత్రమే పొరపాటున అనుమానించుననియు భావింతము. అట్టి మంచి పరీక్ష 305 మందిని బంధించుమని చెప్పును. వారిలో నేరము చేయబోవువారు 80, చేయబోనివారు 225. తప్పిపోయిన ఇరువదిమంది వెలుపల తిరుగుదురు. పరీక్ష తప్పు కాదు. అరుదైన దానిని వెదకుటలోనే ఈ నష్టము ఇమిడియున్నది.

కొలబద్దను పట్టిన చేయియు నిష్పక్షపాతము కాదు. 2013లో మర్రీ, బొకాచీని మొదలగువారు ప్రకటించిన పరిశోధన నన్ను ఈ విషయమున మిక్కిలి కలతపెట్టినది. నూరుమందికి పైగా న్యాయవైద్య నిపుణులకు ఒకే కేసు కాగితములిచ్చి, కొందఱితో మీరు ప్రభుత్వపక్షమునకు పనిచేయుచున్నారనియు, కొందఱితో ప్రతిపక్షమునకనియు చెప్పిరి. కాగితములు మారలేదు, మార్కులు మారినవి. ప్రభుత్వపక్షమనుకొనినవారు ఎక్కువ అపాయమును, ప్రతిపక్షమనుకొనినవారు తక్కువ అపాయమును చూచిరి. మనస్సు నిలకడగల విద్వాంసులే, ఎవ్వరును బుద్ధిపూర్వకముగా అబద్ధమాడినవారు కారు. అమెరికను మనోవైద్య సంఘమే నియమించిన విచారణసంఘము 1999లో ఈ నిర్బంధ చట్టములు మనోవైద్యమును దాని పని కాని పనికి లాగుచున్నవని తీవ్రముగా ఆక్షేపించినది. 1994లో మొదలైన మిన్నెసోటా రాష్ట్రపు కార్యక్రమములో బందీలు ఏడువందలు దాటినను, పూర్తిగా విడుదలయైన మొదటి వ్యక్తి 2016లో గాని బయటకు రాలేదు.

స్వభావమునకు పేరుపెట్టి బంధించుట మనకు క్రొత్తది కాదు. 1871లో బ్రిటిషు ప్రభుత్వము నేరజాతుల చట్టము చేసినపుడు, వడ్రంగము వలెనే, నేత వలెనే నేరమును వంశవృత్తియని శాసనసభలో వాదించిరి. 1911 నాటి చట్టము దానిని మదరాసు రాజధానికిని తెచ్చినది. ఎరుకలవారిని కావలిలోను, సీతానగరములోను, సాల్వేషన్ ఆర్మీ వశమున స్టూవర్టుపురములోను స్థిరవాసములలో నిలిపి, హాజరు తీసి, పాసు లేనిదే పొరుగూరికి పోనీయక, ఆరు మొదలు పదునెనిమిది ఏండ్ల పిల్లలను తల్లిదండ్రుల నుండి వేరుచేయుటకు సైతము అధికారము పుచ్చుకొనిరి. అక్కడ రోగనిర్ధారణ పుట్టుకతోనే ముగిసినది. 1952లో కేంద్రము ఆ చట్టమును రద్దుచేసినను, అలవాటైన నేరస్థుల చట్టములు దాని స్థానమున నిలిచినవి. 1970వ దశకమున హేమలతా లవణం, లవణం దంపతులు స్టూవర్టుపురములో చేసిన కృషి నాకు ఈ సందర్భమున గుర్తుకు వచ్చును. భూమి, పని, బడి, గౌరవము దొరకినచోట వంశస్వభావమని పేరుపడినది ఎంతవరకు వంశమునకు చెందినదో వారి అనుభవము చూపినది.

ఇక నేటి చట్టమును చూతము. ఉమ్మడి ఆంధ్రప్రదేశము 1986లో సారాయి వ్యాపారులు, బందిపోట్లు, గూండాలు మొదలగువారి అపాయకర కార్యకలాపముల నివారణకై చేసిన చట్టమునే మనము పీడీ యాక్టు అందుము. రాష్ట్రావతరణము పిదప తెలంగాణ ప్రభుత్వము దానికి చేర్చిన పొడవైన జాబితాలో కల్తీ విత్తనముల వారితో పాటు లైంగిక నేరస్థులును చేరిరి. ఈ చట్టము క్రింద వైద్యుడు అవసరము లేదు. ప్రజాశాంతికి భంగమని అధికారి తృప్తిపడి ఉత్తర్వు వ్రాయును, సలహామండలి చూచును, గరిష్ఠముగా పన్నెండు నెలలు నిర్బంధము. మండలి యెదుట న్యాయవాదిని పెట్టుకొను హక్కును రాజ్యాంగపు 22వ అధికరణము ఇట్టివారికి ఈయలేదు. 2023 సెప్టెంబరులోను, 2024 మార్చిలోను సుప్రీంకోర్టు తెలంగాణ నిర్బంధ ఉత్తర్వులను కొట్టివేయుచు, సాధారణ శాంతిభద్రతల కేసులకు సైతము ఈ చట్టమును వాడు అలవాటును గట్టిగా మందలించినది. సలహామండలి ముద్రవేయు కార్యాలయము కారాదనియు చెప్పినది. కాన్సాస్ చట్టమునకు రోగనామము కావలెను, ఇక్కడి చట్టమునకు అదియు అక్కరలేదు. రెండింటిలో ఏది మేలు అని అడిగినచో, రోగమను వేషము లేని నిర్బంధము మనోవైద్యమును చెఱపకుండుట వరకు మేలనియు, సాక్ష్యము పరీక్షించు బహిరంగ విచారణ లేనందున బందీకి మిక్కిలి హీనమనియు చెప్పుదును.

మన మనోవైద్య చట్టము మాత్రము ఈ విషయమున వివేకము చూపినది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మనోవ్యాధిని నిర్ణయించుటకు ప్రపంచ ఆరోగ్య సంస్థ తాజా వర్గీకరణ వంటి ప్రమాణములను అనుసరింపవలెనని చెప్పి, ఒకడు తన సమాజపు నీతి, సంస్కృతి, మతవిశ్వాసములతో ఏకీభవింపనందున గాని, ఒక వర్గమునకు చెందినందున గాని రోగియని నిర్ణయింపరాదని స్పష్టముగా నిషేధించినది. వ్యాధియనగా ఆలోచన, మనోభావము, ఇంద్రియజ్ఞానము, జ్ఞాపకము మొదలగువాని తీవ్రవికలత. దాని క్రింద సమ్మతి లేకుండ ఉంచుటకు మొదట ముప్పది దినములే, పిమ్మట సమీక్షామండలి కన్ను తప్పదు. ఇంకొక విశేషము కలదు. 2022 జనవరి నుండి అమలులోనికి వచ్చిన ఆ సంస్థ పదునొకండవ వర్గీకరణలో సంఘవ్యతిరేక వ్యక్తిత్వమను విడి రోగమే లేదు. వ్యక్తిత్వ రుగ్మత ఎంత తీవ్రమో కొలిచి, పరులయెడ నిర్దయ, నిగ్రహలోపము వంటి లక్షణములను దానికి విశేషణములుగా చేర్చుదురు. అమెరికాలో ఒకని యావజ్జీవము బంధింపగల పేరునకు, మన చట్టము ప్రమాణముగా పేర్కొనిన గ్రంథములో ప్రత్యేక స్థానము మిగులలేదు.

అందుచేత విశాఖ చినవాల్తేరు మానసిక వైద్యశాల నుండి గాని, మరి యెక్కడ నుండి గాని వైద్యుడు అరకు కొండల నేరస్థుని గూర్చి నివేదిక వ్రాయవలసివచ్చినచో, అతడు చెప్పవలసినవి కొన్ని, చెప్పరానివి కొన్ని కలవు. నేరమును విడిచి ఇతర జీవితమున ఏ సాక్ష్యమున్నది? బాల్యమును ఎవరు చూచినారు, వారు ఏ భాషలో చెప్పినారు, దుబాసి ఎవ్వడు? లైంగిక వికృతి వేరుగా ఉన్నదా, ఉన్నచో తన్ను ఆపుకొనలేని స్థితి కలదా? ఇవి వైద్యుని పనులు. అపాయమును చెప్పవలసివచ్చినచో అట్టి నూరుగురిలో ఇంతమంది, ఇన్ని సంవత్సరములలో అని సంఖ్యగా చెప్పవలెను. “అపాయకారి” అను ఒక్క మాట వైద్యము కాదు. ఎంత అపాయమునకు ఎంత స్వేచ్ఛ హరింపవలెనను తూకము న్యాయమూర్తిది, అది తెల్లకోటు క్రింద దాగరాదు.

బాధితురాలి రక్షణ ఇట్లు తగ్గిపోవునని కొందఱు శంకింతురు. నాకు అట్లు తోచదు. ఆ కొండలలో ఆమెకు నిజమైన కీడు చేయుచున్నవి వేఱు: కులపెద్దలు తప్పు కట్టించి కేసును మాపివేయుట, వైద్యపరీక్ష ఆలస్యమగుట, ఆమె భాష తెలియని చోట వాంగ్మూలము వ్రాయుట, సాక్షులు సంవత్సరముల తరబడి నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము ఘాటు దిగి కోర్టుకు పోవుట. చేసిన నేరము వేగముగా రుజువై తగిన శిక్ష పడినచో, దాని గడువు లోపల చేయదగిన పని చాల ఉన్నది. సంఘవ్యతిరేక వ్యక్తిత్వ రుగ్మతను మాన్పు మందు లేదు; ఐనను సమూహములలో జరుపు ఆలోచనా ప్రవర్తన చికిత్స కొందఱిలో పునర్నేరమును తగ్గించును, నలుబది దాటిన పిదప తొందరపాటును దౌర్జన్యమును చాలమందిలో వాటంతటవే సన్నగిల్లును. కనుక చికిత్స శిక్ష మొదటి సంవత్సరములలోనే, బందీ మాటలాడు భాషలో ఆరంభింపవలెను. మద్యవ్యసనమును వేరుగా చూడవలెను. విడుదలకు ముందు తిరిగి పరీక్షించి, విడుదల పిదప అతడు ఎక్కడ ఉండునో, ఎవరి కంట పడుచుండునో, ఏ గూడెమునకు పోరాదో బాధితురాలి కుటుంబముతో మాటలాడి నిర్ణయింపవలెను. 2018 సెప్టెంబరులో ప్రారంభమైన జాతీయ లైంగిక నేరస్థుల పట్టిక పోలీసుల చేతిలో ఉన్నది. దానిలో పేరు చేరిన మనిషికి చికిత్స చేయువారు, అతనిని కనిపెట్టి యుండువారు ఇంకను నియమింపబడవలసియున్నారు.